బఠాణీ గింజంత తల

నేను ఒక కెమెరాను. పెళ్ళిళ్ళలో మెడకు వేలాడే రకం కాదు. అయిదు కిలోల బరువు, అటూ ఇటూ రెండు చెక్క పిడులు, ఒక విమానంలో కూర్చుని ఇంకో విమానాన్ని ఫోటో తీయడానికే పుట్టినదాన్ని. ముందే చెబుతున్నాను, మనుషులంటే నాకు పడదు. ఈ అద్దాల పెట్టెకు ముక్కు ఆనించి "అబ్బ, ఎంత లావుందో" అనేవాళ్ళంటే అసలే పడదు. సరే, ఎలాగూ వచ్చారు, వినిపోండి.

నన్ను ఎక్కడో చలిదేశపు కర్మాగారంలో తయారుచేశారు. నన్ను బిగించిన ముసలాయన ఒక్కో మరనూ మూడేసి సార్లు తిప్పి చూసుకునేవాడు. మనుషుల మీద నాకు మర్యాద ఉన్నది ఆ కొద్ది రోజులే. తరవాత ఓడెక్కించారు, రైలెక్కించారు, దక్కనులో ఒక వైమానిక స్థావరానికి చేర్చి, ఫోటో విభాగం బీరువాలో కలరా ఉండల పక్కన పడేశారు. ఆ వాసన నా తోలు సంచికి ఇప్పటికీ వదల్లేదు. ఏడాదిపాటు నన్ను తీసినవాడు లేడు. తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ నన్ను ఒకసారి ఎత్తి చూసి, నడుం పట్టుకుని, మళ్ళీ దించేవాడు.

అప్పుడు వచ్చాడు సార్జెంట్ సింహాద్రి. విజయనగరంలో మేనమామ స్టూడియోలో పని నేర్చుకుని దళంలో చేరినవాడు. పనిమంతుడే, కాదనను. పాత రవాణా విమానానికి పక్క తలుపు ఊడదీసి, నడుముకు పట్టీ కట్టుకుని, కాళ్ళు గుమ్మానికి తన్నిపెట్టి కూర్చునేవాడు. నేను ఒళ్ళో. అవతల యుద్ధ విమానాలు మా నడకకు తగ్గట్టు వేగం తగ్గించుకుని, తూలకుండా ఉండటానికి నానా అవస్థా పడుతూ పక్కన వచ్చేవి. పరుగు తప్ప నడక రానివాణ్ణి ముసలమ్మ వెంట నడిపించినట్టుండేది వాటి పని.

ఆ గాలి హోరులో మాట వినపడదు. అందుకని చేతి సైగలే. అరచేయి తనవైపు తిప్పుకుని వేళ్ళు మడిస్తే దగ్గరికి రమ్మని. పిడికిలి బిగిస్తే అక్కడే ఉండమని. చేతి వీపు తనవైపు పెట్టి తోస్తే వెనక్కి పొమ్మని. ఫోటో తీసినంతసేపూ ఆ చెయ్యే ఆజ్ఞ. అవతల ఉన్నది ఎంత పెద్ద అధికారి అయినా సార్జెంట్ చేతికి లోబడాల్సిందే. ఎంత దగ్గరికి రప్పించాలో తెలియడానికి సింహాద్రికి ఒక కొలత ఉండేది. నా కంట్లోంచి చూస్తే పైలట్ తల బఠాణీ గింజంత కనపడాలి. ఆవగింజంత ఉంటే ఇంకా రావాలి. రేగిపండంత అయితే కొంప మునిగినట్టే. ఆ లెక్కతో ఆరేళ్ళు తీశాడు, ఒక్క తప్పు పోలేదు.

ఫోటో విభాగానికి సాయంత్రాలు ఒక కుర్ర పైలట్ వచ్చేవాడు. ఫ్లయింగ్ ఆఫీసర్ నరహరి, జగిత్యాలవాడు. ఆ స్థావరంలో తెలుగు మాట్లాడే దిక్కు వాళ్ళిద్దరే. బయట సెల్యూట్ కొట్టించుకునే మనిషి, లోపలికి వచ్చాక సార్జెంట్‌ను "అన్నా" అనేవాడు. తీగ మీద ఆరుతున్న ఫోటోల్లో తన విమానం కనపడితే పసిపిల్లాడిలా మురిసిపోయేవాడు. ఎగరడం తప్ప అతనికి ఇంకో యావ లేదు. నాకు ఒళ్ళు మండేది కానీ, అతని చేతులు శుభ్రంగా ఉండేవి, నన్ను అడగకుండా ముట్టుకునేవాడు కాదు.

స్థావరానికి పాతికేళ్ళు నిండాయి. పెద్ద అధికారికి ఒక సరదా పుట్టింది. నాలుగు విమానాలు, కింద కొండమీది పాత కోట, అన్నీ ఒకే ఫోటోలో రావాలి. నా మామూలు లెన్సుకు అంత మేర పట్టదు. సింహాద్రి దాన్ని విప్పి వైడ్ లెన్సు బిగించాడు. ఈ లెన్సు ఎక్కువ మేర చూపిస్తుంది, దానికి బదులుగా ప్రతిదాన్నీ చిన్నది చేసి దూరంగా నెడుతుంది. ఆ సంగతి తెలియక కాదు. తెలుసు. లెన్సు మార్చాడు గానీ కొలత మార్చడం మరిచాడు.

గాల్లో రెండో నంబరు విమానం నరహరిది, మాకు అన్నిటికన్నా దగ్గర. నా కంట్లో అతని తల ఆవగింజంత ఉంది. సింహాద్రి ఎడం చేయి చాచి రమ్మన్నాడు. అతను వచ్చాడు. ఇంకా ఆవగింజే. మళ్ళీ రమ్మన్నాడు. నరహరి ఒక్క క్షణం తటపటాయించాడు, నేను చూశాను, విమానం ముక్కు అటూ ఇటూ ఊగింది. మూడోసారి రమ్మన్నాడు. తల బఠాణీ గింజంత అయింది. చేయి వెనక్కి తీసుకోకుండానే కుడిచేత్తో మీట నొక్కాడు. అది పదకొండో ఫోటో. మరుక్షణం నరహరి రెక్క మా తోకకు తగిలింది, రేకు చించినట్టు చప్పుడైంది. సింహాద్రి కట్టుకున్న పట్టీకి వేలాడాడు. నేను అతని ఛాతీని గుద్దుకున్నాను. నాకు నొప్పిలేదు, అతనికి రెండు పక్కటెముకలు విరిగాయి.

అందరూ ప్రాణాలతో దిగారు. విచారణ పెట్టారు. ఎవరు చెబితే అంత దగ్గరికి వెళ్ళావని నరహరిని అడిగారు. "రమ్మంటెనే వచ్చిన సార్" అన్నాడు. సింహాద్రిని అడిగారు. అతనికి జూనియర్ వారంట్ ఆఫీసర్ పదోన్నతి ఉత్తర్వు వారంలో రావాలి. "నాను పిడికిలి సూపించాను సార్. ఆగమనే సెప్పాను" అన్నాడు. చేతి సైగకు సాక్షి ఉండదు కదా. తక్కిన పైలట్లు ఎవరి ముందు విమానాన్ని వాళ్ళు చూసుకుంటున్నారు.

నరహరి ఫోటో విభాగానికి వచ్చాడు. ఆ రోజు కూర్చోలేదు.

"అన్నా, నువ్వు రమ్మన్నవా లేదా? నా ముఖం చూసి చెప్పు."

సింహాద్రి నన్ను గుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

"ఆ గాలిలో నాకేటీ గురుతునేదు సార్."

"నన్ను ఇంక ఎగరనియ్యరన్నా. గోదాముకు వేసిండ్రు. టైర్లు లెక్కబెట్టే పని."

నాకు నోరుంటే అరిచేదాన్ని. నాకు ఉన్నది కన్ను, ఆ కన్ను చూసింది ఫిల్ములో ఉంది. వైడ్ లెన్సు కదా, పదకొండో ఫోటోలో కిందివైపు మూలగా చాచిన చేయి కూడా పడింది. నాలుగు వేళ్ళు మడిచిన అరచేయి, గీతలతో సహా. దాన్ని సింహాద్రి చీకటిగదిలో కడిగినప్పుడే చూశాడు. ప్రతి ఫ్రేముకూ నంబరు ఉంటుంది, పారేస్తే పట్టుబడతాడు. అందుకని ఫోటో వేసేటప్పుడు కింది భాగం కత్తిరించాడు. చేతితోపాటు కోటా పోయింది. మబ్బు అడ్డం వచ్చిందని చెప్పాడు. ఏ కోట కోసం లెన్సు మార్పించాడో ఆ పెద్ద అధికారి దాని ఊసెత్తలేదు. విమానాలు అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదని మెచ్చుకుని తన గదిలో తగిలించుకున్నాడు. ఒకణ్ణి శిక్షించిన దూరానికే ఇంకొకరికి మెచ్చుకోలు. విచారణ చేసిన పెద్దమనుషుల్లో ఒక్కడూ నెగటివ్‌ను వెలుగుకు పట్టి చూడలేదు. మీ తెలివి అంతే.

తరవాత సింహాద్రి నాతో గాల్లోకి వెళ్ళలేదు. పదోన్నతి వచ్చింది, రిటైరయ్యాడు. నా తరం వెళ్ళిపోయింది, ఫిల్ము దొరక్కుండా పోయింది. తుక్కుకు అమ్మే సామాను జాబితాలో నా నంబరు ఎక్కింది, చివరి నిమిషంలో ఎవరో ఆ నంబరు కొట్టివేసి, నన్ను ఈ మ్యూజియంలో పెట్టారు. పక్కనే విరిగిన ప్రొపెల్లరు. దానికి నాకన్నా పెద్ద లైటు.

పోయిన ఏడాది మ్యూజియం పని చూసే మెహర్ అనే అమ్మాయి, నేను తీసిన ఆ పదకొండో ఫోటోను గోడంత చేయాలని పాత నెగటివ్ తెప్పించింది. కత్తిరించిన సంగతి ఆమెకు తెలియదు. మొత్తం వేసింది. నలభై ఏళ్ళ తరవాత కోట వచ్చింది, కోట పక్కన చేయి వచ్చింది. మూలన ఉన్న ఆ చేయి తీసెయ్యమన్నాడు ఆమె పైఅధికారి. "తీస్తే కోట పోతుంది సార్" అంది ఆమె. చేయి ఎవరిదో, ఏం చెబుతోందో కనుక్కుందామని, నెగటివ్ కవరు మీది పేరు పట్టుకుని విజయనగరంలో సింహాద్రికి ఫోన్ చేసింది. నా ముందే, స్పీకరు పెట్టి. అవతల చాలాసేపు దగ్గు, తరవాత సింహాద్రి గొంతు.

"అది నా సెయ్యే అమ్మా. దగ్గరికి రమ్మని నానే పిలిసాను. పిడికిలి కాదు. అలాగే రాసెయ్, ఒక్క ముక్కా మార్సకు."

ఆ నాలుగు ముక్కలు చెప్పడానికి నలభై ఏళ్ళు. క్షమించడం నా పని కాదు, నేను క్షమించలేదు.

ఆ గోడంత ఫోటో ప్రారంభం రోజు పాత ఉద్యోగులను పిలిచారు. నరహరి ఒక్కడే వచ్చాడు, చేతికర్రతో. అందరూ ఫోటోలో విమానాలు చూస్తుంటే అతను తిన్నగా దాని కింది మూలకు నడిచాడు. చేయి చూశాడు. కింద రాసినది చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు, ఈసారి పైకి. "రెండో నంబరు విమానాన్ని దగ్గరికి రమ్మని పిలుస్తున్న ఫోటోగ్రాఫర్ చేయి."

మెహర్ దగ్గరికి వచ్చి, "మీరు ఇందులో ఉన్నారా సార్?" అని అడిగింది.

బఠాణీ గింజంత తల మీద అతను వేలు పెట్టాడు.

"ఇది నేనేనమ్మా. రమ్మంటెనే వచ్చిన."

ఆమె ఫోటో తీస్తానంది. అతను ఆ తల పక్కన, చేతికర్ర గోడకు ఆనించి, నిటారుగా నిలబడ్డాడు. ఆమె తన ఫోను ఎత్తింది. ఎదురుగా నేనుంటే ఫోను ఎత్తింది. తీసినదాన్ని చూపిస్తే అతను చూడలేదు, చాలమ్మా అని చెప్పి కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. నా పెట్టె పక్కనుంచే వెళ్ళాడు, నావైపు తల తిప్పలేదు. నాకు కోపం రాలేదు. ఇంతమందిలో అతనొక్కడి మీదే రాలేదు.