పొక్కును చూసిన చేతి అద్దం

నేను ఒక చేతి అద్దాన్ని. గులాబీరంగు ప్లాస్టిక్ పిడి, గుండ్రటి మొహం. వీపు మీద నెమలి బొమ్మ అచ్చు వేయబోయి బాతు దగ్గర ఆపేశారు. ఉత్తరాదిలో ఏదో కార్ఖానాలో పుట్టి, గడ్డి చుట్టుకుని లారీ ఎక్కి, చీరాల బజారులో ఒక ఫ్యాన్సీ కొట్టుకు చేరాను.

నన్ను మొదట కొన్నది సెలూన్ వీరాస్వామి. క్షవరం అయ్యాక మగవాళ్లకు వాళ్ల తల వెనకభాగం చూపించడం నా ఉద్యోగం. వెనక పలచబడిందని నేను చూపిస్తే ఒక్కడూ నమ్మేవాడు కాదు. లైటు సరిగా లేదనేవాళ్లు, అద్దం పాతదనేవాళ్లు. మొదటి కాపురం చెడి పుట్టింటికొచ్చిన అతని చెల్లెలు కుసుమ బ్యూటీ పార్లర్ పెట్టుకున్నప్పుడు నన్ను తీసుకుపోయింది. అక్కడ ఆడవాళ్లు నన్ను నమ్మేవాళ్లు గానీ కుసుమను నమ్మేవాళ్లు కాదు. కుడి కనుబొమ మీద ఇంకో వెంట్రుక పీకమనేవాళ్లు.

నలభై దాటాక కుసుమ రెండో పెళ్లి చేసుకుంది. వరుడు రాఘవులు, పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. అతనికీ ఇది రెండోదే, మొదటి భార్య చనిపోయి చాలాకాలమైంది. ఆ వయసులో కొత్త దంపతులు ఎంత గుట్టుగా, ఎంత ఉత్సాహంగా ఉంటారో నాకు తెలుసు. పార్లర్ వెనక గదిలోనే వాళ్ల కాపురం, నా మేకు ఆ గది గుమ్మానికే.

ఆ ఎండాకాలం కుసుమకు జ్వరం తగిలింది. ఒళ్లు నొప్పులు, గజ్జల్లో బిళ్లలు. కింద మొదట చిమచిమలాడింది, తర్వాత మంట. మూత్రానికి వెళితే గోడ పట్టుకుని పళ్లు బిగించేది. మనుషులకు నడుము కింద ఏం వచ్చినా ఒకటే పేరు పెడతారు: వేడి. కుసుమ బార్లీ నీళ్లు తాగింది, సబ్జా గింజలు తాగింది, కొబ్బరినూనె రాసింది. పక్కవీధి మెడికల్ షాపు అతన్ని అడగడానికి వెళ్లి, అక్కడ తెలిసిన మొహాలు కనిపిస్తే దగ్గు మందు కొనుక్కుని వచ్చింది.

చివరికి ఒక మధ్యాహ్నం తలుపు గడియ పెట్టి, నన్ను మేకు మీంచి తీసింది. నా వృత్తి జీవితంలో నన్ను అంత కిందికి ఎవరూ దించలేదు. అయినా నా పని నేను చేశాను. ఎర్రబారిన చర్మం మీద చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా ఉన్నాయి. కొన్ని చితికి పచ్చి పుళ్లయ్యాయి. ఇది వేడి కాదని ఆమెకు నాలో చూడగానే తెలిసిపోయింది. ఈసారి లైటు బాగాలేదని అనలేదు.

సాయంత్రం రాఘవులు ముందు అన్నం పెట్టి, తను వడ్డించుకోకుండా కూర్చుంది. అతను రెండుసార్లు అడిగాక అసలు మాట బయటపడింది. పెళ్లిళ్ల పేరుతో ఊళ్లు తిరిగేవాడివి, ఎక్కడ తగిలించుకొచ్చావో చెప్పమంది. అతను తల్లి మీద ఒట్టేశాడు. కోపం వచ్చి, నీ మొదటి మొగుడు ఇచ్చిపోయాడేమో ఆలోచించుకోమన్నాడు. ఆ మాటకు కుసుమ ఏడవలేదు. చాప తీసుకెళ్లి పార్లర్లో కుర్చీల మధ్య పరుచుకుంది. పెళ్లయి ఏడాది నిండలేదు.

తెల్లవారి ఒంగోలులో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి ఒంటరిగా బయల్దేరింది. దారిలో బస్సు దిగిపోతుందేమోనన్న అనుమానం నాకు కలిగింది. ఆమె చేతిసంచిలో దువ్వెనల పక్కన నేనూ ఉన్నాను. ఆస్పత్రి గేటు దగ్గర ఆమె నన్ను తీసి మొహం చూసుకుంది, కొంగుతో తుడుచుకుంది, లోపలికి నడిచింది.

డాక్టరు పేరు నస్రీన్. ఎవరితో, ఎప్పుడు అని అడుగుతూ ఎగాదిగా చూడలేదు. పుండ్లు తడిగా ఉండగానే రావడం మంచిదైందని, ఎండిపోయాక వస్తే పరీక్షలో ఏమీ దొరక్కపోవచ్చని చెప్పింది. దూది పుల్లతో పుండు మీంచి రసం తీసింది. కుసుమ బల్ల అంచు పట్టుకుని ఓర్చుకుంది. సిఫిలిస్‌కూ హెచ్ఐవీకీ రక్తం తీయించింది. చూస్తే హెర్పిస్ అనే వైరస్ జబ్బులాగే ఉందని, ఫలితం వచ్చేదాకా ఆగక్కర్లేదని మాత్రలు మొదలుపెట్టించింది.

"ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఈ పరీక్షలో తెలుస్తుందా అమ్మా?" అని అడిగింది కుసుమ.

తెలియదంది డాక్టరు. ఈసారి ఆయన్ని కూడా తీసుకురమ్మంది.

రాఘవులు వచ్చాడు. బస్సులో ఇద్దరి మధ్యా చేతిసంచి కూర్చుంది, అంటే నేను కూర్చున్నాను. డాక్టరు కాగితం చూసి, హెర్పిసేనని, కానీ ఎక్కువగా నోటి దగ్గర వచ్చే మొదటి రకమని చెప్పింది. మిగతా రెండు పరీక్షల్లోనూ ఏమీ లేదంది. తర్వాత తలెత్తి రాఘవులు మొహం వైపు కాసేపు చూసింది. అతని కింది పెదవి మూల మీద పొక్కు ఎండి పెచ్చు కట్టి ఉంది.

"ఇది మీకు ఎప్పట్నుంచి వస్తోంది?"

"ఇదా? చిన్నప్పట్నుంచీ అమ్మా. పెళ్లిళ్ల సీజన్లో ఎండకు తిరిగితే ఎక్కువ. క్లారినెట్ ఒరుసుకుని వస్తదిలే."

"క్లారినెట్ తప్పేం లేదండీ. అదీ ఈ వైరసే. పెదవి మీద ఉన్నది తగిలిన చోటల్లా అంటుకోగలదు." కాగితం మడిచి పక్కన పెట్టింది. "ఒట్టేసి చెప్పలేను గానీ, చాలా మటుకు ఇదే."

రాఘవులు ఏదో లెక్క కట్టుకుంటున్నట్టు పైకి చూశాడు. లెక్క తేలగానే చెవులు ఎర్రబడ్డాయి. కుసుమ చీర కుచ్చిళ్లు సర్దుకోవడం మొదలుపెట్టింది, ఎంతకీ ఆపలేదు.

"ముద్దు ఎక్కడ పెట్టుకోవాలన్నది మీ ఇష్టం," అంది డాక్టరు మందుల చీటీ రాస్తూ. "పెదవి చిమచిమలాడిన దగ్గర్నుంచి పూర్తిగా మానేదాకా మాత్రం ఎక్కడా వద్దు. ఆమెకు పుండ్లున్నప్పుడూ అంతే." వైరస్ ఒంట్లోంచి పూర్తిగా పోదని, మళ్లీ వచ్చినా ఇంత బాధ ఉండదని, ఏ పొక్కూ లేనప్పుడు కూడా అరుదుగా అంటుకోవచ్చని విడమరిచి చెప్పింది. లోకంలో ఎంతోమందికి ఉందని, సిగ్గుతో చావాల్సిన జబ్బు కాదని కూడా అంది.

బస్టాండులో రాఘవులు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఆ నోటి మీద అతనికే నమ్మకం పోయినట్టుంది.

"నీ మొదటాయన్ని అనవసరంగా అన్నాను," అన్నాడు చివరికి.

"నేను ఊరూరా ఒక ఆడమనిషిని ఊహించుకున్నా," అంది కుసుమ. "ఒకదానికి జడగంటలు కూడా పెట్టా." నవ్వు ఆపుకోబోయింది, కుదరలేదు. నవ్వితే కింద నొప్పి పుట్టి అతని భుజం పట్టుకుంది. ఆ చెయ్యి చీరాల దాకా తీయలేదు.

ఇప్పుడు రాఘవులు పొద్దున్నే నన్ను తీసుకుని కిటికీ దగ్గర పెదవులు చూసుకుంటాడు. చిమచిమ అనిపిస్తే తనే చెబుతాడు. ఆ రోజుల్లో దంపతులిద్దరూ ఒకే సోఫాలో చెరో చివర కూర్చుని టీవీ చూస్తారు. రెండు బుద్ధిమంతులైన బొమ్మల్లా ఉంటారు.

నిన్న మధ్యాహ్నం అతను నాలోకి మామూలు కంటే ఎక్కువసేపు చూశాడు. పెదవి అటు తిప్పి ఇటు తిప్పి, ఏమీ లేదని గట్టిగా ప్రకటించాడు. కుసుమ వచ్చి తనూ చూసింది. పార్లర్ తలుపు వేసింది, కర్టెన్ లాగింది. నన్ను అతని చేతిలోంచి తీసుకుని బల్ల మీద బోర్లా పెట్టింది.

నా వీపు మీది బాతు పైకప్పు చూస్తూ పడుకుంది. నాకేమీ కనిపించలేదు. అంతకంటే నాకు కావలసిందీ లేదు.