గ్రసిందా కడిగిన స్తంభం

రొట్టెల వ్యాను మూడుసార్లు హారన్ కొట్టినా గ్రసిందా తలుపు తియ్యలేదు. ఆదివారం నుంచీ ఇదే వరస. ఆవిడ పిల్లి కూడా కిటికీలోంచే రాకపోకలు సాగిస్తోంది.

అంతా ఊరి నడుమ ఉన్న ఆ రాతి స్తంభం వల్ల వచ్చింది. నాలుగు వందల ఏళ్ళ క్రితం దొంగల్ని కట్టేసి కొట్టిన స్తంభమది. ఇప్పుడు దాని మెట్ల మీద ముసలివాళ్ళు చేరి ఎండ కాచుకుంటూ, ఊళ్ళోవాళ్ళను నోటితోనే శిక్షిస్తుంటారు. ఆగస్టులో మేరీమాత ఊరేగింపుకు ముందు ఎవరి గుమ్మం ఎదుటి చోటు వాళ్ళే కడగాలని ఆనవాయితీ. గ్రసిందా గుమ్మానికి ఎదురుగా ఉన్నది స్తంభమే. అమ్మమ్మా అమ్మా కడిగినట్టే, డెబ్బై ఆరేళ్ళొచ్చినా పెళ్ళి మాటెత్తని గ్రసిందా కూడా ఏటా మెట్ల వరకు కడుగుతూ వచ్చింది. ఈ ఏడు మాత్రం విగ్రహాన్ని స్తంభం పక్కనే దించి పాటలు పాడతారని తెలిసింది. స్తంభం నిండా పసుపూ బూడిద రంగు పాచి మచ్చలు. తల్లి పక్కన ఇంత మురికా! శనివారం తెల్లారగానే నిచ్చెనెక్కి, బ్లీచింగ్ పోసి, ఇనప బ్రష్షుతో పైదాకా తోమేసింది.

ఊరు లేచేసరికి స్తంభం కొత్త పెళ్ళికొడుకులా తెల్లగా నిలబడి ఉంది. ఆదివారం ఊరేగింపుకు వచ్చిన పొరుగూరి మాస్టారు చూసి గుండె పట్టుకున్నాడు. ఆ పాచి వందల ఏళ్ళదట. ప్రభుత్వం కాపాడుతున్న రాయట. అనుమతి లేకుండా చెయ్యి వెయ్యకూడదట. ఆ తర్వాత పాడిన పాటలేవీ గ్రసిందా చెవికెక్కలేదు. తాతల నాటి రాయిని తన చేత్తోనే పాడుచేశానని ఇంట్లోకి పోయి గడియ పెట్టుకుంది. ఊళ్ళో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే ఆవిణ్ణి ఎక్కువ కాల్చింది.

బుధవారం అదెలీనో రొట్టె పట్టుకుని వచ్చాడు. ఊరి ప్రెసిడెంటు ఆయనే. భార్య పోయి పన్నెండేళ్ళయింది. గ్రసిందాకు చిన్ననాటి నేస్తం.

"తలుపు తియ్యవే. రొట్టె రాయైపోతోంది."

"రాయి మాటెత్తకు."

"రేపు పురావస్తు శాఖావిడ వస్తోంది. ఎవరు చేశారో తెలీదని చెప్తాలే."

"నీకు అబద్ధాలు చేతకావు. చిన్నప్పుడు మూతంతా ఎర్రగా పెట్టుకుని, చెర్రీలు తినలేదన్నవాడివి." లోపల గడియ కదిలి మళ్ళీ ఆగింది. "ఇంక ఆ మెట్ల మీద ఏ మొహం పెట్టుకుని కూచోను, అదెలీనో?"

ఆయన రొట్టె గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు.

గురువారం ఆ అధికారిణి వచ్చింది. చిన్నపిల్ల, చేతిలో భూతద్దం. రాయి చుట్టూ తిరిగి, "ఎవరండీ ఈ పని చేసింది?" అంది.

"వానలండీ," అన్నాడు అదెలీనో. "ఈ ఏడు మరీ ఎక్కువ."

"వానకి బ్లీచింగ్ వాసనేంటండీ?"

తలుపు వెనక వింటున్న గ్రసిందా ఇక ఆగలేకపోయింది. ఏప్రన్‌తోనే వచ్చి మెట్లెక్కి, స్తంభానికి వీపు ఆనించి నిలబడింది.

"నేనేనమ్మా. దీన్ని పెట్టిందే అందుకు. కట్టెయ్యండి."

ఆ పిల్ల బిత్తరపోయింది. అదెలీనో టోపీ తీసి, మెల్లగా మెట్లెక్కి ఆవిడ పక్కన నిలబడ్డాడు.

"అయితే నన్నూ కట్టెయ్యండి. శనివారం పొద్దున్న మా కిటికీలోంచి అంతా చూస్తూనే ఉన్నా. ఆపాల్సినవాణ్ణి, ఆపలేదు."

"చూస్తూ ఊరుకున్నావా?" గ్రసిందా గిరుక్కున తిరిగింది. "ఎందుకు?"

"నిచ్చెన మీద పాడుకుంటున్నావు. నువ్వు పాడగా విని ఎన్నేళ్ళైందో. ఆపబుద్ధి కాలేదు."

 అధికారిణి కాగితం మీద ఏదో రాసుకుని తలెత్తింది.

"రాయికి ఏం కాలేదు. పాచి మళ్ళీ పడుతుంది, ఇరవై ఏళ్ళు పడుతుందంతే. ఇకమీదట మెట్లకి మంచినీళ్ళూ చీపురూ చాలు. స్తంభం జోలికి పోకండి, మామ్మా."

"ఇరవై ఏళ్ళా! అప్పటికి నాకు తొంభై ఆరు."

"నాకు తొంభై ఎనిమిది," అన్నాడు అదెలీనో. "ఇద్దరం ఇక్కడే కూచుని చూద్దాం."

గ్రసిందా ఏప్రన్ అంచుతో మెట్టు తుడిచి కూర్చుంది. కాస్త జరిగి ఆయనకు చోటిచ్చింది.