ఎవరి చేతి మాత్ర

మాట తడబడి, చేతిలో చిత్రిక జారి వడ్రంగి కూలబడ్డప్పుడు పక్కన ఉన్నది భార్యే. ఆస్పత్రిలో కళ్లు తెరిచి అతను మొదట అన్నది మాత్రం "అక్క ఏదీ?" అని. ఆ ముక్క ఆమె గుండెలో ముల్లులా దిగబడింది.

మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం ఒకటి సన్నబడిందన్నాడు డాక్టరు. తొడ దగ్గర నుంచి సన్నని తీగ పైకంటా పంపి, ఇరుకైన చోట జాలీ గొట్టం నిలబెట్టారు. కుంగిన గుమ్మానికి లోపల చట్రం బిగించినట్టన్నమాట అని వడ్రంగి తేల్చేశాడు. పంపించేటప్పుడు డాక్టరు గట్టిగా చెప్పింది ఒక్కటే. రక్తం గడ్డకట్టకుండా రోజూ రెండు మాత్రలు వేసుకోవాలి. మానితే గొట్టం మూసుకుపోతుంది.

తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన తమ్ముడాయె, అక్క పెట్టె సర్దుకుని వచ్చేసింది. భార్య పాలు కాచి ఇస్తే చల్లారాయనేది. దుప్పటి కప్పితే తీసి మళ్లీ కప్పేది.

"మావాడికి దిండు ఎత్తుగా ఉంటే పడదమ్మాయ్" అంది ఓరోజు.

ఇన్నేళ్లూ ఆ దిండు మీదే కదా పడుకున్నాడు అని భార్య లోలోపల పళ్లు నూరుకుంది. మాత్రల దగ్గర మాత్రం పట్టు విడవలేదు. అట్టలు బీరువాలో పెట్టి తాళం తన దగ్గరే ఉంచుకుంది. టిఫిను కాగానే తన చేత్తో వేసేది. ఆ కాసేపు అతను తన మొగుడు.

కొన్నాళ్లకు అతని మోచేతుల మీద నల్లగా కమిలిన మచ్చలు తేలాయి. పళ్లు తోముకుంటే నెత్తురు. ఓ పొద్దున ముక్కులోంచి కారడం మొదలై ఎంతకీ ఆగలేదు. ఆడవాళ్లిద్దరూ చెరో పక్కా కూర్చుని ఆస్పత్రికి తీసుకెళ్లారు.

డాక్టరు ముక్కులో దూది కుక్కి, "మాత్రలు ఎవరిస్తున్నారు?" అన్నాడు.

"నేనే" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే అక్క చెప్పింది. చీటీ చూపించి మందుల షాపులో విడిగా కొనుక్కుందట. మరదలు లేవకముందే వేసేదట.

రెండుసార్లు ఎందుకు మింగావయ్యా అని డాక్టరు వడ్రంగిని అడిగాడు.

"అక్క ఇస్తే కాదనలేను సార్. ఇది ఇస్తే అసలే కాదనలేను."

ఇలాగే సాగితే తలలోనే నెత్తురు చిమ్ముతుందనీ, ఇకమీదట ఒక్కరే ఇవ్వాలనీ, అదెవరో ఇప్పుడే తేల్చుకోమనీ అన్నాడు డాక్టరు. అక్క గబుక్కున తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

భార్య ఆ చేతివంకే చూసింది. తను గెలిచినా ఈవిడ ఆగదు. రేపు దొంగచాటుగా ఇంకో అట్ట కొంటుంది. తనకైతే కడుపు మండుతుంది, అంతే. మండుతున్నా చేతులు కట్టుకుని ఉండగలదు.

"వదినే ఇస్తుంది" అంది.

వదిన ముఖం విప్పారింది. అది చూడటం అన్నిటికంటే కష్టమైంది.

నెత్తురు ఆగేదాకా ఆపించిన మాత్రలు డాక్టరు మళ్లీ మొదలుపెట్టమన్న రోజు భార్య తాళం తీసి అట్టలు వదిన చేతిలో పెట్టింది. "మింగు నాన్నా" అంటూ వదిన గ్లాసు అందించింది. భార్యకు ఒళ్లంతా భగ్గుమంది. అయినా గుమ్మంలోనే నిలబడి, అతని గొంతు కదిలేదాకా రెప్ప వెయ్యలేదు.