చెప్పి వెళ్లే మట్టి

తెల్లారగానే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేయబోతూ సుబ్బరావమ్మ తలెత్తి చూసింది. గేటు దగ్గర వాళ్ల చేలోని మట్టి నిలబడి ఉంది. మోకాలెత్తున, తడితడిగా, ఒకడి వెనక ఒకడు, ఓ ఇరవై మంది. రాత్రి తొలకరికి కొట్టుకుపోతూ, చెప్పి వెళ్దామని వచ్చారు.

ప్రత్తిపాడు పక్కనున్న ఆ ఊళ్లో ఇది మామూలే. చేను విడిచిపోయే మట్టి ఇంటికొచ్చి, ఓ మాట చెప్పి, గ్లాసెడు మజ్జిగ తాగి వాగుదారి పడుతుంది. మిగతా ఇళ్లకు ఏడాదికి ఒకరో ఇద్దరో వస్తారు. వీళ్లింటికి మాత్రం మూడేళ్లుగా బారులు తీరుతున్నారు. మజ్జిగలో నీళ్లు కలపలేక ఆవిడ పని అయిపోతోంది.

ఆ రెండెకరాల నల్లరేగడి సుబ్బరావమ్మకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద రాసిచ్చింది. ఇంకొక్క పెద్దవానకు పైమట్టి పోతే మిరప నాటడానికి ఏమీ మిగలదు. అందుకే మొగుడు చెంచయ్య, కోల్డ్ స్టోరేజీ కట్టుకుంటానన్న శేషాచలం గారికి చేను ఇచ్చేస్తానని మాటిచ్చేశాడు. శ్రావణంలో రిజిస్ట్రేషన్. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

గ్లాసులు అందిస్తూ ఇవాళ అడిగేసింది. "ఎందుకురా అందరూ ఇలా పోతున్నారు? మీకేం తక్కువ చేశాం?"

ముందున్నవాడు మూతి తుడుచుకున్నాడు. "ఉండాలనే ఉందక్కా. వినుకొండ వైపు ఎర్రమట్టి ఇనుమును పట్టుకుని ఆగుతుంది. మాకు సున్నమే పట్టు. ఆ తెల్లరాళ్లన్నీ బావ ఏరేశాడు. పైగా బోరు ఉప్పునీళ్లు పెట్టాడు. ఒకళ్ల చెయ్యి ఒకళ్లం పట్టుకుంటే జారిపోతోంది."

అరుగు మీద పళ్లు తోముకుంటున్న చెంచయ్య మొహం మాడిపోయింది. పదేళ్లుగా ఎండల్లో నడుం వంచి ఒక్కో సున్నపురాయీ ఏరి గట్టున పోశాడు పాపం. చేను అద్దంలా ఉందని ఊరంతా మెచ్చుకుంటే మీసం తిప్పాడు కూడా.

"తప్పంతా నాదేనంటార్రా? పోండి, పోండి!"

"వాళ్ల మీద అరుస్తావేంటయ్యా? ఆ రాళ్లు మళ్లీ చేలో పోద్దాం పద," అంది సుబ్బరావమ్మ.

రెండ్రోజులు అలిగి పడుకున్నాడు. మూడోరోజు తనే వెళ్లి వ్యవసాయాఫీసులో ఆరాధన మేడమ్‌ని అడిగాడు. రాళ్లు కరగడానికి ఏళ్లు పడుతుంది, ముందు జిప్సం చల్లమందావిడ, అదీ సున్నం జాతేనట, త్వరగా కరుగుతుందట. జిప్సం చల్లారు. రాళ్లూ తిరిగి పోశారు. బోరు కట్టేశారు.

శ్రావణంలో మూడురోజులు వదలకుండా కురిసింది. సుబ్బరావమ్మ గుమ్మంలోనే కూర్చుంది. మొదటిరోజు ఎవరూ రాలేదు. రెండోరోజూ రాలేదు. మూడోరోజు సాయంత్రం గేటు చప్పుడైంది. ఒక్కడే వచ్చాడు, గట్టిగా ఉండకట్టి ఉన్నాడు.

"నువ్వూ వెళ్తున్నావా నాయనా?"

"ఎక్కడికక్కా? నారు ఎప్పుడు నాటతాడో బావనడిగి రమ్మన్నారు మావాళ్లు."

సుబ్బరావమ్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. చెంచయ్య ఫోన్ తీసి శేషాచలం గారికి చేశాడు.

"ఏమీ అనుకోకండి, రిజిస్ట్రేషన్ కుదరదండి," అన్నాడు. "చేను మా ఆవిడ పుట్టింటిదండి. బావమరుదులు ఒప్పుకోవడం లేదు."