తారులో చిక్కిన రీలు

బీరువా అడుగు అరలో చేతిరుమాలు మడత నలగకుండా ఉంది. అందులో ఇరవై రెండేళ్ళుగా చుట్టిపెట్టిన క్యాసెట్ మాత్రం లేదు. దర్జీ ఆవిడ అరలన్నీ తిరగేసి వెతికింది.

ఏడేళ్ళకే జ్వరం మింగేసిన కూతురి గొంతు ఆ క్యాసెట్‌లో తప్ప ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. ఇంటిల్లిపాదీ వాగుడుకాయ అని పిలిచే ఆ పిల్ల, అందులో ముప్పావుగంట ఆగకుండా మాట్లాడింది: పన్ను ఊడిన సంగతి, పిల్లి మీద ఫిర్యాదులు, మధ్యమధ్య "అమ్మా, వింటున్నావా?" అని గదమాయింపులు. టేపురికార్డరు పాడై మూలపడ్డాక బాగుచేసే మనిషి ఇన్నాళ్ళకు దొరికి, ఇవాళ క్యాసెట్ తెమ్మన్నాడు.

ఆవిడ తిన్నగా పెరటి షెడ్డుకు నడిచింది. భర్త అక్కడే బొమ్మలు వేస్తాడు. బొమ్మలంటే మనుషులూ చెట్లూ కాదు. రోడ్డుకు పోసే తారు, రంపపుపొట్టు, తుప్పుమేకులు, పగిలిన అద్దాలు, చేతికందిందల్లా చెక్క మీద పోసి, ఆ గందరగోళంలోంచి ఏదో పుట్టుకొస్తుందని కళ్ళలో వత్తులేసుకుని కూర్చుంటాడు.

ఇవాళ ఆరని తారులో గోధుమరంగు రీలు వందల మెలికలుగా పరుచుకుని ఉంది.

"ఎంత పని చేశారండీ!"

"టేపురికార్డరు బాగున్నప్పుడైనా విన్నావా దాన్ని? నేనూ వినలేకపోయాను. ఇలాగైతే రోజూ చూసుకోవచ్చు."

"చూసుకోడానికి ఫోటోలు లేవూ? ఇది గొంతండీ!"

ఆయన మొహం పాలిపోయింది. "సరే, ఏడవకు. థిన్నరు పెడితే తారు వదులుతుంది. పట్టు."

ఆయన థిన్నరు అద్దుతుంటే, కుట్లు విప్పడం అలవాటైన చేత్తో ఆవిడ ఒక్కో మెలికనూ సూదిమొనతో లేపింది. పెళ్ళైన కొత్తలో కూడా వాళ్ళు ఇంత దగ్గరగా కూర్చుని పనిచేసింది లేదు. మూరెడు రీలు తెగకుండా ఊడివచ్చింది. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

"వచ్చేసిందండీ!" అంటూ, మిగిలిన మరకలు పోవాలని థిన్నరు గుడ్డతో ఒక్కసారి నిమిరింది. తారుతోపాటు గోధుమరంగూ వచ్చేసింది. చేతిలో వట్టి ప్లాస్టిక్కు మిగిలింది, నీళ్ళలా అవతలివైపు కనిపిస్తూ.

"గొంతుండేది ఆ రంగులోనే," అన్నాడాయన మెల్లగా.

"ముందే చెప్పొచ్చుగా!"

"తోచలేదే."

నలభయ్యేళ్ళుగా ఏది దేన్ని కరిగిస్తుందో అదే లోకంగా బతికిన మనిషి అన్న మాట అది. ఆయన చూపు అప్పటికే చెక్క మీదికి పోయింది. థిన్నరు కారిన దారిలో, నల్లటి తారు మీద, గోధుమరంగు పొగలా పాకుతోంది.

"కదలకు," అన్నాడు. "అటు చూడు. ఈ రంగు నేను కావాలని చేసినా రాదు."

ఆవిడ రంగు అంటిన తన అరచేతిని ఆయన మొహం ముందు పెట్టింది. "ఇదిగో, ఇక్కడ కూడా కాస్త ఉంది. ఇదీ పూసుకోండి."

ఆయన ఆ చేతిని జాగ్రత్తగా, ఆప్యాయంగా పట్టుకుని చెక్క వైపు లాగాడు.