మగ్గం గుంట

"ఒక్క ఫిర్యాదు, ఒక్కటంటే ఒక్కటి వచ్చినా ఈ పాఠం ఆపేయాలి సంతోషమ్మగారూ," అన్నారు హెడ్మాస్టరు శోభనాద్రిగారు. సంతోషమ్మ తలూపింది గానీ, ఆపే ఉద్దేశం ఆవిడకు ఏ కోశానా లేదు.

ఏమిటా పాఠం అంటారా? అది 1961. యూదుల్ని లక్షలకొద్దీ చావుకు పంపిన జర్మనీ అధికారి మీద జెరూసలేంలో విచారణ నడుస్తోందని రోజూ పేపర్లో వస్తోంది. పెడన హైస్కూల్లో తొమ్మిదో తరగతికి చరిత్ర చెప్పే సంతోషమ్మ నందివాడ దగ్గర, అంటరానివాళ్ళని ఊరు దూరంపెట్టిన క్రైస్తవుల పల్లెలో పుట్టి, చదువుకొని పైకొచ్చిన మనిషి. చంపినవాడి పేరు అందరి నోళ్ళలోనూ నానుతోందే, కాపాడినవాళ్ళ ఊసు ఒక్కరికీ తెలియదే అని ఉడికిపోయింది. సిలబస్‌లో లేదా? లేకపోతే పోయె! యూదుల్ని పడవలెక్కించి సముద్రం దాటించిన డెన్మార్కు జాలర్ల గురించి చెప్పింది. దొరికితే ఇంటిల్లిపాదినీ కాల్చేస్తారని తెలిసి కూడా నేల కింద, అటకల మీద దాచి అన్నం పెట్టిన పోలండు వాళ్ళ గురించి చెప్పింది. విని ఊరుకుంటే లాభం లేదని ఇంటిపని కూడా ఇచ్చింది: "మీ ఇంట్లో ఒక మనిషిని దాచాల్సొస్తే ఎక్కడ దాస్తారు? రాసుకురండి."

రెండోనాడు క్లాసు మధ్యలో శేషమ్మ ఊడిపడింది. నేతపనివాళ్ళ వీధి ముసలమ్మ, ఆ క్లాసు పిల్లవాడు రత్తయ్యకు నాయనమ్మ. చేతిలో మనవడి నోటుపుస్తకం. వెనకాలే శోభనాద్రిగారు. ఇంకేముంది, పాఠం గంగలో కలిసిందనుకుంది సంతోషమ్మ.

"మా మగ్గం గుంట సంగతి నీకెవరు చెప్పారమ్మా?" అని నిలదీసింది శేషమ్మ.

నేసేవాడు కాళ్ళు దింపుకొని కూర్చునే గుంట అది. ఆ వీధిలో ఏ ఇంట చూసినా ఉంటుంది.

"సగం మంది అదే రాశారు పెద్దమ్మా. మీ ఇంటి సంగతి నాకేం తెలుసు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది శేషమ్మ పని. క్లాసంతా ఆవిణ్ణే చూస్తోంది.

"ఫిర్యాదు ఏమిటో చెప్పండి, రాసుకుంటాను," అన్నారు శోభనాద్రిగారు.

సంతోషమ్మ తగ్గలేదు. "నా పాఠం తప్పయితే తప్పనే చెప్పండి పెద్దమ్మా. కానీ పిల్లల ముందే చెప్పండి."

శేషమ్మ పిల్లల్ని జరగమని ముందు బెంచీ మీద కూలబడింది.

"పన్నెండేళ్ళయింది. కమ్యూనిస్టుల కోసం సర్కారు దింపిన మలబారు పోలీసులు ఊళ్ళు గాలిస్తున్నారు. పాలేళ్ళ సంఘం పెట్టాడని ఒకణ్ణి తరిమితే వచ్చి మా దొడ్లో పడ్డాడు. తొమ్మిది రోజులు ఉంచాం. పోలీసులొస్తే గుంటలో ముడుచుకునేవాడు. మీ తాత అతని వీపు మీద కాళ్ళు పెట్టుకొని ఉత్తినే మగ్గం ఆడించేవాడ్రా రత్తయ్యా. చప్పుడేగాని బట్ట అంగుళం పెరగలా."

"నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు రత్తయ్య.

"నీ నోట్లో నువ్వుగింజ నానుతుందా? సరే హెడ్మాస్టరుగారూ, ఫిర్యాదు రాసుకోండి. ఈ పిల్లలు ఒక్కళ్ళూ నీళ్ళ మాట రాయలేదు. నూతి దగ్గర ఆడాళ్ళ కళ్ళముందు పోలీసులేపాటి? ఒక్క బిందె ఎక్కువ తోడితే 'చుట్టాలొచ్చారా వదినా' అంటారు. తొమ్మిది రోజులూ నా స్నానం మానుకొని ఆ నీళ్ళు అతనికిచ్చాను. అదీ చెప్పాలి పాఠంలో."

శోభనాద్రిగారు కలం మూసి జేబులో పెట్టుకున్నారు. పిల్లలు మాత్రం గబగబా రాసుకున్నారు.

శేషమ్మ లేచి సంతోషమ్మ దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "అతను మీ పల్లెవాళ్ళలోనివాడేనమ్మా. అబద్ధమెందుకు, ప్రాణం కాపాడానుగానీ కంచం మట్టుకు వేరే పెట్టాను. మా ఆయన కాళ్ళు అతనికి తగిలితే లేని పట్టింపు, కంచం దగ్గరికొచ్చేసరికి వచ్చింది. ఇప్పటికీ సిగ్గేస్తుంది."

సంతోషమ్మకు కోపమూ వచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి. ముసలమ్మ చెయ్యి పట్టుకొని క్లాసు వైపు తిప్పింది.

"గట్టిగా చెప్పండి పెద్దమ్మా," అంది. "అదికూడా రాసుకుంటారు."