లైన్ ఆపే సైగ

లెసియెలి ఫొటోను క్యాంటీన్ గోడ మీద నిలువెత్తున అంటించిన రోజే ఆమెను లైన్ లీడర్ పని నుంచి పీకేశారు. ఫొటో కింద పెద్దపెద్ద అక్షరాలు: 'మా సంస్థను నడిపించే మహిళ'. సిగ్గూ శరం లేని జాతి!

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో కోళ్లను కోసి పెట్టెల్లో సర్దే ఫ్యాక్టరీ అది. కొక్కేలకు కోళ్లను మోసుకొచ్చే గొలుసు లైన్ మీద నలభై మంది ఆడవాళ్లు. చేతుల్లో కత్తులు, చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు. ఆ మోతలో పక్కమనిషి మాట వినపడదు. అందుకని సైగలు చేసుకుంటారు. మణికట్టు మీద తడితే కత్తి మొద్దుబారిందని. ముక్కు పట్టుకుంటే మేనేజర్ వస్తున్నాడని. పిడికిలి పైకెత్తితే లైన్ ఆపమని. టోంగా దీవుల నుంచి వచ్చి పద్నాలుగేళ్లుగా అక్కడే కత్తి పట్టిన లెసియెలి నేర్పినవే అవన్నీ.

పోయిన నెల నస్రీన్ చేతితొడుగు గొలుసులో చిక్కుకుంది. పక్కామె పిడికిలి లేచింది. లెసియెలి అరుస్తూ పరుగెత్తి లైన్ ఆపే ఎర్రతాడు లాగింది. లైన్ ఆగింది, నస్రీన్ వేళ్లు దక్కాయి. మర్నాడే మేనేజర్ గావిన్ నుంచి పిలుపు వచ్చింది.

"నీ పనికి వంక పెట్టను లెసియెలీ. నీ మాటతీరే బాగోలేదు. లీడర్ అన్నాక నెమ్మదిగా మాట్లాడాలి. నువ్వు కేకలేస్తావు."

"వేళ్లు తెగిపోతుంటే జోల పాడమంటావా?"

"చూశావా? ఇదే నేను చెప్పేది!"

ఆమె స్థానంలో కైల్‌ని పెట్టాడు. వాడు గావిన్ ఆడే ఫుట్‌బాల్ జట్టులోవాడు. లైన్ మీద ఆరు వారాల అనుభవం. వాడూ కేకలేస్తాడు, కాకపోతే వాడు వేస్తే దాన్ని చొరవ అంటారు.

మార్చి ఎనిమిదిన మహిళా దినోత్సవం, హెడ్డాఫీసు నుంచి పెద్దలొస్తారు, కేకులు ఆడవాళ్లే ఇళ్ల దగ్గర చేసుకురావాలని నోటీసు పెట్టారు. తమ పండక్కి తామే వంటవాళ్లన్నమాట! లెసియెలి చేతిలో గావిన్ ఒక కాగితం పెట్టాడు. "ఆ రోజు అందరి ముందూ ఇది చదువు. నీ సంగతి మళ్లీ ఆలోచిద్దాం," అన్నాడు.

ముందురోజు షిఫ్టు దిగాక, బట్టలు మార్చుకునే గదిలో అందరూ ఆ కాగితం చుట్టూ మూగారు.

"చదివెయ్యక్కా," అంది నస్రీన్. "నువ్వు లీడర్‌గా ఉంటే మా చేతులు క్షేమంగా ఉంటాయి."

ముసలి డ్రాగానా ఇంతెత్తున లేచింది. "ఒసే పిచ్చిదానా, వాడిస్తాడని నమ్మావా? ఫొటో ఇచ్చాడుగా, అదే దానికి ప్రమోషను! ఇది ఒక్కతీ మాట్లాడితే గొంతు బాగోలేదన్నాడు. నలభై మందిమి అడిగితే ఎన్ని గొంతులకి వంక పెడతాడో చూద్దాం!"

లెసియెలి కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. ఆ పని ఆమెకు కావాలి, ఎంతగానో కావాలి. చివరికి తల అడ్డంగా ఊపింది. "అసలు గొంతే ఎత్తొద్దు," అంది.

మర్నాడు క్యాంటీన్‌లో సభ. ఆడవాళ్ల పండగ రంగని గావిన్ ఊదారంగు టై కట్టుకొచ్చి అరగంట ఉపన్యాసం దంచాడు. మాట్లాడటమంటే ముందు వినడమేనట! ఆడవాళ్లు ధైర్యంగా నోరు విప్పాలట! హెడ్డాఫీసు ఆవిడ కేకు నములుతూ తలూపింది.

లెసియెలి లేచి కాగితం విప్పింది. 'ఈ సంస్థ ఎప్పుడూ నా మాట విన్నది' అని మొదటి వాక్యం. దాన్ని మడిచి కేకు పళ్లెం కింద పెట్టింది. జేబులోంచి ఇయర్‌ప్లగ్‌లు తీసి చెవుల్లో పెట్టుకుంది. పిడికిలి పైకెత్తింది.

గదిలో నలభై పిడికిళ్లు లేచాయి. ఒక్క మాట లేదు.

గావిన్ మొహం కందగడ్డయింది. "ఏంటిది? కైల్, ఏమంటున్నారు వీళ్లు?"

కైల్ బుర్ర గోక్కున్నాడు. "ఏమో... నాకు తెలీదు గావిన్."

"మీరు లైన్ లీడరే కదా?" అంది హెడ్డాఫీసు ఆవిడ కైల్‌తో.

మేనేజర్ ముందు ఎన్నడూ నోరెత్తని నస్రీన్ ముందుకొచ్చింది. "లైన్ ఆపమని ఆ సైగ. అదొక్కటే నా వేళ్లు కాపాడింది. అది తెలియనివాడి కింద మేం కత్తి పట్టం. లెసియెలక్క మళ్లీ లీడర్ అయితేనే పనికొస్తాం."

షిఫ్టు సైరన్ మోగింది. లోపల షెడ్డులో లైన్ దానంతటదే కదిలింది. ఒక్కతె కూడా అక్కణ్నుంచి కదల్లేదు. గావిన్, కైల్ లోపలికి పరుగెత్తారు. కొక్కేలకు వేలాడుతూ కోళ్లు వస్తున్నాయి, వస్తూనే ఉన్నాయి, లైన్ చివర దబదబా నేల మీద పడుతున్నాయి.

"ఆపు! ఆపరా!" గావిన్ నెమ్మది గాలికి పోయింది, గొంతు చించుకుంటున్నాడు.

"ఎర్రతాడు ఎక్కడుంది?" అని కైల్ అరుస్తున్నాడు.

క్యాంటీన్ కిటికీ అద్దంలోంచి నలభై మందీ చూస్తున్నారు. ఒక్కరూ ఎత్తిన పిడికిలి దించలేదు.